నిలబడే కాలు



కొరింతీయులకు వ్రాసిన మొదటి లేఖ 12వ అధ్యాయంలో పునీత పౌలుగారు కాలుచేత మాట్లాడించారు. తాను చెయ్యిని కాను గనుక ఈ శరీరానికి చెందనని కాలు అలుగుతుంది. ఈ పఠనం వచ్చినప్పుడల్లా మేము గురువులం సంఘంలో రకరకాల వరాలు, రకరకాల సేవలు అని నాలుగు మాటలు చెప్పి ముగిస్తూ ఉంటాం. కాని పౌలుగారు అక్కడ కాలు అని ఒక్కదానినే పేర్కొన్నారు. మనకున్నవి రెండు. ఆ రెండింటిలో ఒకటి గొప్పది, ఒకటి తక్కువది అని తేడా పెట్టుకున్నది మాత్రం మనమే.

కొత్త కోడలు గుమ్మం దగ్గరకు వస్తే, కుడికాలు ముందు పెట్టి రమ్మని పదిమంది ఒక్కసారే అరుస్తారు. అప్పుడే గుడిలో వివాహ దివ్యసంస్కారం పొంది వచ్చిన పిల్లకు కూడా ఇదే ఆజ్ఞ. ఆ కంగారులో ఆమె ఏ కాలు పెట్టిందో ఆమెకే తెలియదు. ఇంట్లో తర్వాత ఏ చెడు జరిగినా ఆనాటి కాలు గుర్తుకు వస్తుంది. ఎవరినైనా బాగా అవమానించాలంటే వట్టి కాలు చాలదు, ఎడమకాలితో తంతానని అనాలి. పోలీసు పెరేడులో మాత్రం మొదటి అడుగు ఎడమకాలిదే. అక్కడ శకునం అడిగినవాడు లేడు.

మా విచారణలో ఒక తల్లి తన తొమ్మిదేళ్ళ కొడుకును వెంటబెట్టుకుని వచ్చింది. “స్వామీ, వీడు బంతి ఎడమకాలితోనే తంతాడు. అన్నం కుడిచేత్తోనే తింటాడు, రాయడమూ కుడిచేత్తోనే. కాలు ఒక్కటే ఇలా. వాళ్ళ నాయనమ్మ వాత పెడితే మానుకుంటాడు అంటోంది. తలమీద చెయ్యి పెట్టి ప్రార్థన చేయండి” అంది. పిల్లవాడు నా వంక కాక గోడమీది దేవదూత బొమ్మ వంక చూస్తున్నాడు. ప్రార్థన చేశాను, వాత తప్పించమని. ఆపైన ఆ తల్లికి చెప్పినదే ఇక్కడ కొంచెం వివరంగా వ్రాస్తున్నాను. ఇటువంటి నాయనమ్మలు ఒక్క మా విచారణలోనే ఉన్నారని నేను అనుకోను.

ముందుగా శరీరం సంగతి. లోకంలో నూటికి సుమారు పదిమందిది ఎడమచేతి వాటం. కాలి సంగతికి వస్తే, ఎడమకాలి వాటం ఉన్నవారు నూటికి సుమారు పన్నెండుమంది అని పెద్ద ఎత్తున జరిగిన పరిశీలనల్లో తేలింది. వీరు కాక రెండు కాళ్ళనూ ఇంచుమించు సమానంగా వాడేవారు చాలామంది ఉన్నారు. చెయ్యి వాటం ఒకవైపు, కాలి వాటం మరొకవైపు ఉండటం కూడా కద్దు. ఆ పిల్లవాడు అటువంటివాడే. ఇది రోగం కాదు, దిష్టి కాదు, తల్లి గర్భంతో ఉండగా చేసిన తప్పూ కాదు. మీ ఇంట్లో ఎవరిది ఏ కాలో తెలుసుకోవాలంటే సులువైన దారి ఉంది. బంతి ముందు పెట్టి తన్నమనండి. నేలమీది గులకరాయిని కాలివేళ్ళతో తీయమనండి. ఎత్తైన పీట ఎక్కమనండి. ఆడపిల్లలు తొక్కుడుబిళ్ళ ఆడుతూ ఉంటే ఏ కాలు ఎత్తి ఏ కాలిమీద గెంతుతున్నారో అరుగుమీద కూర్చుని చూడండి. అన్నిటికీ ఒకే కాలు రాదు. తన్నేందుకు ఒక కాలు, గెంతేందుకు మరొక కాలు వాడేవారు కనిపిస్తారు. అందుచేత ఏ కాలు బలమైనది అన్న ప్రశ్నకు, ఏ పనికి అని తిరిగి అడగవలసి వస్తుంది.

నాయనమ్మగారికి బైబిలు మీద గట్టి పట్టు ఉంది. తీర్పు దినాన గొర్రెలు కుడివైపున, మేకలు ఎడమవైపున ఉంటాయి కదా అని ఆమె వాదన (మత్తయి 25). ఉంటాయి. కాని అక్కడ ప్రభువు ఆకలిగొన్నవారికి అన్నం పెట్టారా, చెరసాలలో ఉన్నవారిని చూడబోయారా అని అడిగారే తప్ప, ఎవరు ఏ కాలితో నడిచివచ్చారని అడగలేదు. న్యాయాధిపతుల గ్రంథం 3వ అధ్యాయంలో ప్రజలను మోయాబు రాజు చేతినుండి విడిపించిన ఎహూదు ఎడమచేతి వాటంవాడు. కుడిచెయ్యి వాడేవాడు కత్తిని ఎడమ తొడకు కట్టుకుంటాడు. ఎహూదు కుడి తొడకు, బట్టల క్రింద కట్టుకుని రాజు సమక్షంలోకి వెళ్ళాడు. ఇంకొక చమత్కారం ఏమిటంటే, అతడు బెన్యామీను గోత్రంవాడు. బెన్యామీను అంటే కుడిచేతి కుమారుడు అని అర్థం! అదే గోత్రంలో ఎడమచేతి వాటం ఉండి వెంట్రుక వాసి తప్పకుండా ఒడిసెల విసిరేవారు 700 మంది ఉన్నారని ఆ గ్రంథమే 20వ అధ్యాయంలో చెబుతుంది. ఇక కల్వరి సంగతి చూడండి. ప్రభువుకు కుడివైపున ఒక దొంగ, ఎడమవైపున ఒక దొంగ. వారిలో ఒకడు పశ్చాత్తాపపడి ఆనాడే పరలోక భాగ్యం పొందాడు. అతడు కుడివైపువాడని చిత్రకారులు గీశారు, మనమూ నమ్మాం. పునీత లూకాగారు మాత్రం ఎటువైపువాడో వ్రాయలేదు.

ఎడమను చిన్నచూపు చూడటం మన దేశపు అలవాటు మాత్రమే కాదు. గ్రీకు దేశంలో పితాగరసు శిష్యులు లోకంలోని విరుద్ధాలను రెండు వరుసలుగా పేర్చుకున్నారని అరిస్టాటిలు వ్రాశాడు. ఒక వరుసలో కుడి, పురుషుడు, వెలుగు, మంచి. రెండవ వరుసలో ఎడమ, స్త్రీ, చీకటి, చెడు. ఎడమ పక్కన ఎవరిని కూర్చోబెట్టారో మన అక్కచెల్లెళ్ళు గమనించాలి. ప్లేటో ఈ దారి పట్టలేదు. తన ధర్మశాస్త్రాల గ్రంథంలో ఆయన, కాళ్ళ విషయంలో కుడి ఎడమల తేడా కనబడదనీ, చేతుల విషయంలో మాత్రం తల్లులూ దాదులూ తెలివితక్కువగా పెంచి మనల్ని ఒకవైపు అవిటివాళ్ళను చేశారనీ అన్నాడు. అరిస్టాటిలు ఇందుకు ఒప్పుకోలేదు. కుడిచెయ్యి స్వభావసిద్ధంగానే బలమైనది అన్నాడు. అయితే అభ్యాసంతో ఎవరైనా రెండు చేతులవాడు కావచ్చునని కూడా ఆ మాటలోనే చేర్చాడు. జంతువుల నడకమీద వ్రాసిన చిన్న పుస్తకంలో ఆయన గమనించిన విషయం నాకు మరీ ఇష్టం: మనుషులు బరువును ఎడమ భుజంమీద మోస్తారట, ఎడమకాలిమీద సులువుగా గెంతుతారట. కదిలించేది కుడి, బరువు ఎత్తుకునేది ఎడమ అని ఆయన లెక్క. అందరి విషయంలో ఇది నిజం కాదు. కాని బరువు ఎవరిమీద ఉందో చూడటం తెలిసిన మనిషి ఆయన.

ఆ బరువు మాటకే వస్తున్నాను. కుర్రవాడు కుడికాలితో బంతి తన్నుతున్నప్పుడు మనందరి కళ్ళూ కుడికాలిమీదనే ఉంటాయి. ఆ క్షణాన ఎడమకాలు ఏం చేస్తోంది? బంతి పక్కన నేలమీద ఆనుకుని, మోకాలు కొంచెం వంచి, ఒళ్ళంతా తానొక్కటే మోస్తోంది. అది జారితే గోలు లేదు, ఆటగాడు వెల్లకిలా పడతాడు. పిల్లలకు ఆట నేర్పే మాస్టర్లను అడగండి. నిలబడిన పాదం ఎటు చూస్తూ ఉంటే బంతి సాధారణంగా అటే పోతుందని చెబుతారు. అంటే బలమిచ్చేది ఒక కాలైతే దారి చూపేది రెండవ కాలు. పత్రికలో ఫొటో పడేది మాత్రం మొదటిదానికే.

2021 ఆగస్టు 7న టోక్యోలో మన నీరజ్ చోప్రా ఈటెను 87.58 మీటర్లు విసిరి బంగారు పతకం గెలిచాడు. టీవీలో ఆ దృశ్యం చూడనివారు ఉండరు. కుడిచెయ్యి విసిరింది, నిజమే. కాని అంత వేగంతో పరుగెత్తి వచ్చినవాడు చివరి అడుగులో ఎడమకాలిని గుంజలాగా నేలకు బిగించి నిలిపాడు. ఆ కాలు ఆగబట్టే పరుగులోని ఊపు నడుముకూ, భుజానికీ, చివరకు ఈటెకూ చేరింది. ఎడమకాలు మెత్తబడి ముడుచుకుపోతే ఎంత బలమైన చెయ్యి ఉన్నా ఈటె అంత దూరం పోదు.

మరి పరుగులో? అక్కడ తన్నే కాలు, నిలబడే కాలు అని విడిగా లేవు; అడుగుకొకసారి పని మారుతుంది. అయినా రెండూ సమానంగా ఉండవు. 2009లో బెర్లినులో 100 మీటర్లను 9.58 సెకన్లలో పరుగెత్తిన ఉసేన్ బోల్టు మన కతోలిక విశ్వాసే. పరుగుకు ముందు సిలువ గుర్తు వేసుకోవడం మీరు చూసి ఉంటారు. అతనికి పుట్టుకతో వెన్నెముక వంపు ఉంది. కుడికాలు ఎడమకాలికంటె ఒక అర అంగుళం పొట్టి. అమెరికాలోని సదరన్ మెథడిస్ట్ విశ్వవిద్యాలయ పరిశోధకులు అతని పరుగును పరిశీలించి, కుడికాలు నేలను సుమారు 13 శాతం ఎక్కువ బలంతో కొడుతోందనీ, ఎడమకాలు సుమారు 14 శాతం ఎక్కువసేపు నేలమీద ఉంటోందనీ 2017లో వెల్లడించారు. ఒకటి గట్టిగా కొడితే రెండవది ఓర్చుకుని ఎక్కువసేపు ఆగింది. లోకంలోకెల్లా వేగమైన మనిషి రెండు సమానమైన కాళ్ళతో పరుగెత్తలేదు, సర్దుకుపోయిన రెండు కాళ్ళతో పరుగెత్తాడు.

ఇంతవరకు చెప్పి ఆపేస్తే ఒక ప్రమాదం ఉంది. నిలబడే కాలును పొగడటం చాలా సులువు. పొగిడి, దండ వేసి, త్యాగమూర్తి అని పేరు పెట్టి, జీవితాంతం అక్కడే నిలబెట్టేస్తాం. ఆ కాలుకు బంతిని ఇవ్వం.

ఈ విషయంలో నాకు గురువుగా తోచినవారు ఒక హైదరాబాదు బడి మాస్టరు. సయ్యద్ అబ్దుల్ రహీం అనే ఆయన పేరు 2024లో సినిమా వచ్చిన తర్వాత మళ్ళీ వినిపించింది. కాని మన పాత తరం ఫుట్‌బాల్ అభిమానులకు ఆయన ఎప్పుడూ రహీం సాబే. హైదరాబాదు సిటీ పోలీసు జట్టును తయారుచేసింది ఆయనే. ఆ జట్టు 1950 నుండి 1954 వరకు వరుసగా ఐదుసార్లు రోవర్స్ కప్పు గెలిచింది. 1956 మెల్‌బోర్న్ ఒలింపిక్సులో భారత జట్టును నాలుగవ స్థానం దాకా తీసుకువెళ్ళింది కూడా ఆయనే. ఆయన శిక్షణలో ఒక విచిత్రమైన పద్ధతి ఉండేది. హైదరాబాదులో చిన్న చిన్న పోటీలు పెట్టి, బలహీనమైన కాలితో మాత్రమే బంతి ఆడాలని నియమం పెట్టేవారు. కుడికాలివాడు ఎడమకాలితో, ఎడమకాలివాడు కుడికాలితో ఆడాలి.

ఆ మైదానాన్ని ఒకసారి ఊహించుకోండి. ఊరంతా మెచ్చుకునే ఆటగాడు నాలుగడుగుల దూరంలో ఉన్నవాడికి బంతి అందించలేక తడబడుతూ ఉంటాడు. చూసేవారు నవ్వుతూ ఉంటారు. ఆ నియమం చేసిన పని ఏమిటి? ఇన్నాళ్ళూ మోసిన కాలికి తన్నే అవకాశం వచ్చింది. అంతకంటె ముఖ్యంగా, ఇన్నాళ్ళూ తన్నిన బలమైన కాలు నేలమీద ఆని, రెండవదానిని మోయడం నేర్చుకుంది. రహీం బలమైన కాలును శిక్షించలేదు, దానికి ఇంకొక పని నేర్పారు. 1962 సెప్టెంబరు 4న జకార్తాలో ఆసియా క్రీడల ఫైనలులో ఆయన జట్టు దక్షిణ కొరియాను 2–1 తేడాతో ఓడించింది. సికింద్రాబాదులో పుట్టిన తులసీదాస్ బలరాం, హైదరాబాదులో పుట్టిన గోలుకీపరు పీటర్ తంగరాజ్ ఆ జట్టులోని వారే. అప్పటికే రహీంగారిని క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్‌లో మరణించారు. ఆనాటి నుండి ఈనాటి వరకు ఆసియా క్రీడల ఫుట్‌బాల్ బంగారు పతకం మన దేశానికి మళ్ళీ రాలేదు.

అటువంటి అభ్యాసం ఎంతవరకు పోగలదో జర్మనీవాడు ఆంద్రెయాస్ బ్రేమె చూపించాడు. 1986 ప్రపంచ కప్పులో మెక్సికో మీద పెనాల్టీని ఎడమకాలితో వేశాడు. 1990 జూలై 8న రోములో, ఫైనలు 85వ నిమిషంలో, కప్పు తెచ్చిన పెనాల్టీని కుడికాలితో వేశాడు. అతని ఏ కాలు బలమైనదో ఇరవై ఏళ్ళ పరిచయం తర్వాత కూడా తనకు తెలియదని వారి శిక్షకుడు బెకెన్‌బావర్ అనేవాడట.

ఇప్పుడు మన ఇళ్ళకు వద్దాం. నేను గృహాశీర్వాదానికి వెళ్ళినప్పుడు గోడలు చూస్తాను. ఒక ఇంట్లో గోడనిండా పెద్దబ్బాయి ఫొటోలు, పతకాలు, కాలేజీ సర్టిఫికెట్లు. మా ఇంటికి వీడే ఆధారం స్వామీ అన్నాడు తండ్రి. టీ తెచ్చిన అమ్మాయి ఏం చదువుతోందని అడిగాను. “ఇంటరుతో ఆపేసిందండీ, బట్టల కొట్టుకు వెళ్తోంది” అన్నాడు. ఇంకాసేపు మాటలు సాగాక తేలింది ఏమిటంటే, అబ్బాయి చదువుకు తీసుకున్న అప్పుకు నెలనెలా వాయిదా కడుతున్నది ఆ బట్టల కొట్టు జీతమే. ఆ ఇల్లు ఏ కాలిమీద నిలబడి ఉందో ఇంట్లో వారికే తెలియదు. తండ్రి చెడ్డవాడు కాదు. గోలు వైపు చూస్తున్నాడు, అంతే. మనమందరం చూసేదీ అటువైపే.

“అమ్మాయికి ఇంకా చదవాలని ఉందేమో ఎప్పుడైనా అడిగావా?” అన్నాను. ఆయన మాట్లాడలేదు. తల్లి వంటగది గుమ్మంలోనుండి, “అడిగితే ఉందంటుందని అడగలేదండీ” అంది. ఇంత నిజాయతీ గల జవాబు నేను పాపసంకీర్తన వేదికలో కూడా ఎన్నోసార్లు వినలేదు. ఆ ఇంటి సంగతి ఇంకా తేలలేదు. అబ్బాయికి ఉద్యోగం వచ్చింది. ఒక ఏడాదిపాటు వాయిదా తాను కట్టుకుంటానని చెల్లెలికి చెప్పాడట. దూరవిద్యలో డిగ్రీకి దరఖాస్తు తెప్పించారు. అది బల్లమీద ఉంది. పూర్తిచేశారో లేదో వచ్చే నెల వెళ్ళి చూడాలి.

శరీరంలో బలహీనంగా కనిపించే అవయవాలే అవసరమైనవి అని పౌలుగారు ఆ 12వ అధ్యాయంలోనే వ్రాశారు. ఆయన అక్కడితో ఊరుకోలేదు. తక్కువదానికి దేవుడు ఎక్కువ గౌరవం ఇచ్చి శరీరాన్ని కూర్చాడని, అవయవాలు ఒకదానినొకటి సమంగా పట్టించుకోవాలని అన్నారు. పట్టించుకోవడం అంటే జాలిపడటం కాదు. రహీం జాలిపడి ఎడమకాలికి బంతి ఇవ్వలేదు, అది ఆడగలదని నమ్మి ఇచ్చారు. తడబడినప్పుడు పోటీ ఆపేయలేదు కూడా.

పవిత్ర గురువారం పాదాలు కడిగే సమయంలో కుడిపాదాన్ని ముందుకు పెట్టించడం పాత ఆచారం. పాత పూజాగ్రంథంలో ఆ సూచన ఉంది. ఇప్పటికీ పన్నెండుమందీ తెలియకుండానే కుడికాలి చెప్పు విప్పుకుని కూర్చుంటారు. మా విచారణలో ఒక పెద్దాయన పన్నెండుమందిలో కూర్చోవడానికి ఏళ్ళ తరబడి ఒప్పుకోలేదు. సుగరు జబ్బువల్ల ఆయన కుడిపాదం తీసేశారు. “నాకు కడిగించుకునే కాలు లేదు స్వామీ” అనేవాడు. ఒక సంవత్సరం ఉపదేశిగారు బ్రతిమాలి కూర్చోబెట్టారు. ఆయన ముందు మోకరించి పళ్ళెం పెడితే ఎడమకాలు చాచాడు. మడమ బండరాయిలా గట్టిపడి, పగిలి ఉంది. పదకొండేళ్ళుగా ఊతకర్రతో కలిసి ఆ మనిషిని పొలానికీ, గుడికీ, ఆసుపత్రికీ మోస్తున్నది ఆ ఒక్క పాదం. నీళ్ళు పోస్తుంటే ఆయన వంగి, పగుళ్ళలో మట్టి ఉంటుంది, గట్టిగా రుద్దండి అన్నాడు. రుద్దాను.

ప్రభువు ఆ రాత్రి శిష్యుల పాదాలు కడిగారని పునీత యోహానుగారు వ్రాశారు. కుడివా ఎడమవా అని వ్రాయలేదు. మరునాడు ఆయన పాదాలకే మేకులు దిగాయి. మీ ఇంట్లో ఉన్న సిలువ స్వరూపాన్ని దగ్గరగా చూడండి. చాలా స్వరూపాల్లో కుడిపాదం ఎడమపాదంమీద ఉంటుంది, ఒక్క మేకు రెండింటిలోనుండీ పోతుంది. పైనున్నది మనకు కనిపిస్తుంది. కిందిది కొయ్యకు ఆని ఉంటుంది.

ఈ ఏడాది మా విచారణ పండుగ ఆటలలో సత్యోపదేశ తరగతుల పిల్లలకు ఒక ఫుట్‌బాల్ పోటీ పెడుతున్నాం. నియమం రహీం సాబుదే: ఎవరికి ఏ కాలు వాటమో ఆ కాలితో బంతి తాకరాదు. ఎడమకాలి పిల్లలకు మినహాయింపు లేదు, వారు కుడికాలితోనే ఆడాలి. ఇతర విచారణల ఉపదేశులు కూడా ప్రయత్నించవచ్చు. ఖర్చు ఏమీ లేదు, ఒక బంతి, ఒక విజిలు. గడ్డి ఉన్నచోట పెట్టండి, ఎందుకంటే చాలామంది పడతారు. పెద్దలకు కూడా ఒక జట్టు ఉంది. నాన్నలు పేర్లు ఇవ్వవలసింది ఆదివారం రెండవ పూజ తర్వాత, వారి కుమార్తెల ద్వారా.